హైదరాబాదు మెట్లబావులు – రాతిపై మిగిలిన జాడలు

నగరంలో మెట్లు అనగానే మేడ పైకి ఎక్కే మెట్లే స్ఫురించడం నేటి అలవాటు. పూర్వం ఊరివారందరూ ప్రతిదినం వాడిన మెట్లు మాత్రం పైకి కాక భూమి లోపలికి పోయేవి. నీటికోసం దిగే ఆ మెట్ల వరుసలనే దిగుడుబావులు అంటారు. హైదరాబాదు వంటి మహానగరంలో ఇవి అనేకం మట్టిలోను, చెత్తలోను కూరుకుపోయినవి. కొన్నింటిపై ఇండ్లు లేచినవి. కొన్ని ఈ మధ్యకాలంలో మరల వెలుగు చూచినవి. వాటి చరిత్ర, నిర్మాణం, అవి మరుగున పడుటకు గల కారణాలు, వాటి రాళ్ళపై మానవులు వదలిన గుర్తులు ఈ వ్యాసంలో సంగ్రహంగా పొందుపరచబడినవి.

పేర్లు

ఒకే నిర్మాణానికి ప్రాంతాన్ని బట్టి పేర్లు మారుతున్నవి. తెలుగులో దిగుడుబావి, నడబావి, మెట్లబావి అనే పేర్లు కలవు. తెలంగాణలో మెట్లబావి అనే మాటే ఎక్కువగా వినబడుతుంది. గుజరాతులో వావ్ అనియు, రాజస్థాన్, ఢిల్లీ ప్రాంతాలలో బావ్‌డీ, బావ్‌లీ అనియు, మహారాష్ట్రలో బారవ అనియు పిలుస్తారు. కర్ణాటకలో దేవాలయాల చెంత గల మెట్ల కొలనును కల్యాణి, పుష్కరణి అంటారు. తెలుగువారికి కోనేరు అనే మాట ఉండనే ఉన్నది. బావికి అడుగున ఊట ఉంటుంది. కోనేరుకు వాననీరో, కాలువ నీరో చేరుతుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకొనవలెను.

దేశంలో అత్యంత ప్రసిద్ధమైన దిగుడుబావి చిత్రం నేడు ప్రతి ఇంటిలోను ఉన్నది. 2018లో విడుదలైన లేత ఊదా రంగు వంద రూపాయల నోటు వెనుకవైపు కనబడేది గుజరాతు రాష్ట్రం పాటన్‌లోని రాణీ కీ వావ్. 11వ శతాబ్దంలో సోలంకి వంశపు రాణి ఉదయమతి తన భర్త మొదటి భీమదేవుని స్మృత్యర్థం దీనిని కట్టించెనని ప్రసిద్ధి. సరస్వతీనది వరదమట్టిలో శతాబ్దాల పాటు పూడిపోయిన ఈ బావి 1980ల దశకంలో పూర్తిగా త్రవ్వి తీయబడినది. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

నిర్మాణ విధానం

సాధారణమైన చేదబావికి గుండ్రని ఒర, పైన గిలక, చేంతాడు ఉంటాయి. నీటిమట్టం ఎంత క్రిందికి దిగితే తాడు అంత పొడవు కావలెను. దిగుడుబావిలో తాడుకు బదులు మనిషే దిగుతాడు. ఒకవైపు నుండి, లేక మూడు నాలుగు వైపుల నుండి మెట్లు నీటిని చేరుతాయి. వానలు కురిసినప్పుడు నీరు పైమెట్ల వరకు వస్తుంది. వైశాఖంలో అడుగు మెట్లు బయటపడతాయి. ఎన్ని మెట్లు తేలినవో చూచి ఆ ఏటి నీటి పరిస్థితిని ఊరివారు అంచనా వేసేవారు. ఆ విధంగా మెట్లే కొలబద్దగా కూడ ఉపయోగపడినవి.

లోతైన బావులలో నడుమ నడుమ చప్టాలు, మండపాలు, కమానులు ఉంటాయి. ఇవి అలంకారానికి మాత్రమే ఏర్పడినవి కావు. చుట్టూరా ఉన్న మట్టి ఒత్తిడికి గోడలు లోపలికి కూలకుండ కమానులు ఆనుగా నిలుస్తాయి. కుండతో ఎక్కేవారు ఊపిరి తీసుకొనుటకు చప్టాలు తోడ్పడతాయి. భూగర్భంలో నీటి చెంత చల్లదనం ఉంటుంది గనుక బాటసారులు ఎండవేళ అక్కడ విశ్రమించేవారు. కొన్ని బావులకు ఒకవైపు మెట్లు, మరొకవైపు మోట తోలుటకు రాతిదిమ్మెలు ఉండేవి. మోటను రాయలసీమలోను దానికి ఆనుకొని ఉన్న కొన్ని ప్రాంతాలలోను కపిల అంటారు. అట్టి బావి ఊరి దాహాన్ని, తోట దాహాన్ని కూడ తీర్చేది.

దక్కను పీఠభూమిలో ఇట్టి బావులు విస్తరించుటకు నేల స్వభావమే కారణం. ఇక్కడ అడుగున ఉన్నది గట్టి నల్లసేనపు రాయి. పైన కొన్ని మీటర్ల వరకే శిథిలమైన మెత్తని పొర ఉంటుంది. వాననీరు ముఖ్యంగా ఆ పొరలోనే నిలుస్తుంది. వెడల్పుగా త్రవ్విన బావికి నాలుగు ప్రక్కల నుండి ఊట చేరి రాత్రికి రాత్రి నీరు నిండుతుంది. ఇరుకైన బావికి ఆ అవకాశం తక్కువ.

నగరం పేర్లలో దాగిన బావులు

హైదరాబాదు నగరంలో సిటీబస్సు ఎక్కినవారికి దూద్‌బౌలి, పుత్లీబౌలి, హరిబౌలి, రేతీబౌలి, గచ్చిబౌలి అనే పేర్లు సుపరిచితాలు. బావ్‌లీ అనే మాటయే దక్కనీ ఉర్దూలో బౌలి అయినది. గచ్చిబౌలి అనగా గచ్చుతో కట్టిన బావి అని అర్థం చెబుతారు. ఈనాడు ఆ ప్రాంతంలో కంప్యూటరు సంస్థల అద్దాల భవనాలు నిండి ఉన్నవి. ఆ పేరును రోజుకు పలుమార్లు పలికేవారిలో అది ఒక బావిపేరని ఎరిగినవారు స్వల్పం. మెట్లు మరుగైన తరువాత కూడ పేరు మిగులుతుందనుటకు ఇది నిదర్శనం.

నగరానికి పడమట గోల్కొండ కోట చెంత కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధుల ప్రాంగణమున్నది. 16, 17 శతాబ్దాల నాటి ఈ ప్రాంగణంలో తోటలకు, కట్టడాలకు నీరందించిన మెట్లబావులు అనేకం. వాటిలో పెద్దది బడీ బౌలి. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో మహలఖాబాయి చందా పేరుతో చెప్పుకొనే మెట్లబావి ఉన్నది. మహలఖాబాయి (1768–1824) నిజాముల కొలువులో గౌరవమందిన కవయిత్రి. ఉర్దూ గజళ్ళ సంపుటం వెలువరించిన తొలి మహిళలలో ఆమెను లెక్కిస్తారు. నేటి విశ్వవిద్యాలయం నెలకొన్న అడిక్‌మెట్ ప్రాంతం ఒకప్పుడు ఆమె జాగీరు.

మెట్లపై మిగిలే జాడలు

దిగుడుబావి మెట్టును శ్రద్ధగా పరిశీలిస్తే అది ఒక దస్తావేజు వంటిదని తెలుస్తుంది. మొదటి జాడ అరుగుదల. వేల పాదాలు పడినచోట రాయి నడుమ కొద్దిగా గుంటవడి నునుపెక్కి ఉంటుంది. గోడ ప్రక్కన మెట్టు అంచు మాత్రం పదునుగానే మిగులుతుంది. దీనిని బట్టి జనం ఏ దారిన దిగేవారో తెలుస్తుంది. రెండవది తాటి ఒరపిడి. చేదవేసిన చోట ఒరరాతి అంచుపై తాడు కోసిన గాళ్ళు వేలు పట్టునంత లోతుగా ఉంటాయి. మెట్లున్న బావిలో కూడ అట్టి గాళ్ళు కనబడితే, అక్కడ దిగి ముంచుకొన్నవారితో పాటు పైనుండి చేదుకొన్నవారు కూడ ఉండిరని గ్రహించవచ్చును. కుండలు నిలిపిన గుంటలు, దీపపు గూళ్ళు, గూటిపై నూనెమసి, పసుపు కుంకుమల మరకలు, పిల్లలు గీచిన పులిజూదం గడులు – ఇవన్నియు పేర్లు తెలియని మనుష్యుల సంతకాలు.

మూడవది పనివారి గుర్తులు. కర్ణాటకలోని హంపిలో, రాజప్రాసాద ప్రాంగణంలో, 1980ల దశకంలో పురావస్తుశాఖ త్రవ్వకాలలో బయటపడిన మెట్ల పుష్కరణి ఇందుకు చక్కని ఉదాహరణ. దాని నల్లరాతి పలకలపై కన్నడ అక్షరాలు, అంకెలు చెక్కి ఉన్నవి. ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, ఎన్నవ స్థానంలో అమర్చవలెనో ఆ గుర్తులు సూచిస్తాయి. అనగా రాళ్ళను వేరొకచోట చెక్కి, గుర్తులు వేసి తెచ్చి, ఇక్కడ కూర్చిరన్నమాట. రాజుల శాసనాలు దానాలను, బిరుదులను చెబుతాయి. ఈ చిన్న గుర్తులు కూలి చేసిన శిల్పుల లెక్కను చెబుతాయి.

నాలుగవది శాసనాలు. తమిళనాడులో తిరుచిరాపల్లి సమీపాన తిరువెళ్ళరై క్షేత్రంలో స్వస్తిక ఆకారంగల బావి ఉన్నది. నాలుగు దిక్కుల నుండి దిగే మెట్లు మధ్యలో మలుపు తిరుగుట వలన, ఒక దారిన దిగినవారు మరొక దారిలోని వారికి కనబడరు. పల్లవరాజు దంతివర్మ కాలంలో, సుమారు సా.శ. 800 ప్రాంతంలో, కంబన్ అరైయన్ అనువాడు దీనిని త్రవ్వించినట్లు అచటి శాసనం తెలుపుతున్నది. మార్పిడుగు పెరుంగిణరు అని దాని పేరు. పెరుంగిణరు అనగా పెద్దబావి. పన్నెండు వందల సంవత్సరాల తరువాత కూడ త్రవ్వించినవాని పేరు తెలియుటకు ఆ రాతిపలకయే ఆధారం.

అందరికీ మెట్లేనా?

ఊరుమ్మడి మెట్లు అన్నంత మాత్రాన అవి ఊరందరివీ కావు. అనేక గ్రామాలలో దళితులకు బావిమెట్లు దిగే హక్కు లేదు. పైనుండి ఎవరైనా పోస్తే పట్టుకొనవలసినదే. మహారాష్ట్రలో మహాడ్ పట్టణపు చవదార్ చెరువు ఈ విషయంలో చరిత్రకెక్కినది. ప్రభుత్వ నీటివనరులు అందరికీ తెరచి ఉంచవలెనని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించినను ఆచరణ జరగలేదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలాది అనుచరులతో వెళ్ళి ఆ చెరువు నీటిని దోసిట త్రాగిరి. వ్యాజ్యం సాగి 1937లో బొంబాయి హైకోర్టు దళితుల పక్షాన తీర్పునిచ్చినది. కనుక పాత మెట్ల అరుగుదలను చూచునపుడు, వాటిపై ఎన్నడును పడనివ్వని పాదాలను కూడ తలచుకొనవలెను. పాతబావి గొప్పదనాన్ని మాత్రమే చెప్పి ఈ సంగతిని విడిచిపెడితే చరిత్ర సగమే అవుతుంది.

ఎందుకు అంతరించినవి?

కారణాలు ముఖ్యంగా మూడు.

మొదటిది కుళాయి. 1908 సెప్టెంబరు 28న మూసీనదికి వచ్చిన మహావరదలో హైదరాబాదు నగరం అపారంగా నష్టపోయినది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాల మేరకు వరదనివారణ పథకం రూపొందినది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయినవి. గొట్టపునీరు వీధులకు చేరిన కొలది బావిని శుభ్రపరచే అవసరం, దానితో పాటు బావిపై ఆపేక్ష తగ్గిపోయినవి.

రెండవది రోగభయం. ఇది నిరాధారమైనది కాదు. నారికురుపు అనే వ్యాధి పెద్దలకు గుర్తుండవచ్చును. సన్నని దారం వంటి, సుమారు ఒక మీటరు వరకు పెరిగే పురుగు కాలిపై పొక్కు చేసి వెలుపలికి వచ్చేది. ఆ మంటకు ఓర్వలేక రోగి కాలిని నీటిలో పెట్టగానే పురుగు వేలకొలది పిల్లలను నీటిలోకి విడిచేది. వాటిని సైక్లోప్స్ అనే సూక్ష్మమైన నీటిపురుగు మ్రింగేది. ఆ నీటిని వడకట్టక త్రాగినవారికి ఏడాది తరువాత అదే వ్యాధి తలయెత్తేది. మనిషి పాదం త్రాగునీటిని తాకే చోటు దిగుడుబావియే కాబట్టి, వ్యాధి వ్యాప్తికి అది ముఖ్యస్థానమైనది. 1983లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలైన నాటికి దేశంలో ఏటా సుమారు 40 వేలమంది రోగులుండిరి. పీడిత రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర కూడ ఉన్నవి. నీటిని గుడ్డతో వడకట్టించుట, సైక్లోప్స్‌ను చంపే మందు చల్లుట, చేతిపంపులు వేయుట, మెట్లను మూసి దిగుడుబావులను చేదబావులుగా మార్చుట – ఈ చర్యల ఫలితంగా 1996 జూలైలో చివరి రోగి నమోదైన తరువాత వ్యాధి మరల కనబడలేదు. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ప్రకటించినది. మూసిన మెట్లలో కొన్నింటిని ప్రాణరక్షణకై మూసిరని దీనివలన తెలుస్తుంది.

మూడవది గొట్టపుబావి. పైపొరలో నిలిచిన నీటిని బోర్లు లాగివేయగా, అదే పొరపై ఆధారపడిన దిగుడుబావులు ఎండినవి. ఎండిన బావి పల్లపు గుంట, గుంట చెత్తకుండీ, చెత్తకుండీ నిండినంతట ఖాళీస్థలం. పెరుగుతున్న నగరంలో ఖాళీస్థలానికి గల వెల అందరికీ తెలిసినదే.

మూసివేతలో ముప్పు

బావిని పూడ్చకుండ పైన పలక పరచి మరచిపోవుట మరింత ప్రమాదకరం. 2023 మార్చి 30న, శ్రీరామనవమి నాడు, మధ్యప్రదేశ్‌లోని ఇందూరులో ఒక దేవాలయంలో జరిగిన దుర్ఘటన ఇందుకు సాక్ష్యం. పాత మెట్లబావిపై వేసిన కప్పుమీద భక్తులు గుమికూడగా కప్పు కూలి 36 మంది మరణించిరి. క్రింద బావి ఉన్నదన్న సంగతి అక్కడ కూర్చున్నవారిలో ఎందరికి గుర్తున్నదో! ఊరి బావులెక్కడెక్కడ ఉండేవో పెద్దలు పిల్లలకు చెప్పుట కాలక్షేపం కబురు కాదు, భద్రతకు సంబంధించిన విషయం.

మరల తెరచిన మెట్లు

సికింద్రాబాదు ప్రాంతంలోని బన్సీలాల్‌పేట మెట్లబావి ఈ కాలపు మార్పుకు మంచి ఉదాహరణ. 17వ శతాబ్దపుదిగా చెప్పబడే ఈ బావిని నాగన్నకుంట అని కూడ పిలిచేవారు. దశాబ్దాల పాటు చెత్త పోయగా అది నేలమట్టమైనది. ప్రభుత్వం, నగరపాలక సంస్థ, వాస్తుశిల్పి కల్పనా రమేశ్ నడిపే ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ కలసి సుమారు రెండువేల టన్నుల చెత్తను ఎత్తించినవి. సుమారు 50 అడుగుల లోతుగల కట్టడం, స్తంభాలు, మెట్లు చెక్కుచెదరక బయటపడినవి. అడుగున ఊట కూడ మరల జీవించినది. 2022 డిసెంబరు 5న బావిని ప్రజలకు తెరచిరి. పూడిక తీయునపుడు దొరికిన పాతవస్తువులను అక్కడనే ప్రదర్శనకు ఉంచిరి.

కుతుబ్‌షాహీ సమాధుల బడీ బౌలి గోడ 2013 వర్షాలకు కొంతభాగం కూలిపోయినది. పురావస్తుశాఖ సహకారంతో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ దానిని, ప్రాంగణంలోని ఇతర బావులను బాగుచేసినది. సిమెంటుకు బదులు సున్నపు గచ్చు వాడిరి. సున్నం గాలి, తేమ ఆడనిస్తుంది. సిమెంటు తేమను రాతిలోనే బంధించి పాతగోడను చెరుస్తుంది. గోల్కొండ మెట్లబావుల ఈ పనికి 2022లో యునెస్కో ఆసియా–పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో విశిష్ట పురస్కారం లభించినది. బాగుచేసిన బావులలో నిలిచిన వాననీరు తోటలకు ఉపయోగపడుతున్నది.

ఆచారం కాపాడిన మెట్లు కూడ కలవు. కాంచీపురం సమీపాన అయ్యంగార్‌కుళం గ్రామంలో నడవావి అనే దిగుడుబావి ఉన్నది. తెలుగు నడబావి, తమిళ నడవావి ఒకే మాట యొక్క రూపాలు. చైత్ర పూర్ణిమ ఉత్సవంలో నీటిని తోడివేసి, వరదరాజస్వామి ఉత్సవమూర్తిని మెట్లగుండ లోపలి మండపానికి వేంచేపు చేస్తారు. ఏటా తోడుట వలన ఆ బావి పూడిక చేరకుండ నిలిచినది.

సరిహద్దు గ్రామాలవారు గమనింపదగినవి

సరిహద్దు ప్రాంతాలలోని బావులకు ఒక ప్రత్యేకత కలదు. త్రవ్వించినవారి భాష, నేటి రాష్ట్రభాష ఒకటి కానవసరం లేదు. పాత శాసనాల తెలుగు, కన్నడ లిపులు దాదాపు ఒకటిగా ఉండుట వలన రాతిని చూడగానే ఏ భాషదో నిర్ణయించరాదు. మా భాష కాదని ఒకరు, తమ భాష కాదని మరొకరు ఉపేక్షించిన రాయి ఉభయులకూ దక్కకుండ పోతుంది. కాబట్టి ఈ క్రింది జాగ్రత్తలు తీసుకొనదగును.

1. బావి ఏ వీధిలో, ఏ సర్వే నంబరులో ఉన్నది, ఎన్ని మెట్లు, ఎన్ని వైపుల మెట్లు, ఏ రాయి, ఏ నెలలో నీరు ఎంతవరకు ఉన్నది – ఈ వివరాలను తేదీతో సహా వ్రాసి, ఫోటో తీసి ఉంచవలెను. పాఠశాల పిల్లలు పైన నిలిచి చేయదగిన పని ఇది.

2. అక్షరాలు కనబడితే సుద్దతో గాని, రంగుతో గాని దిద్దరాదు. ఇనుప బ్రష్షుతో రుద్దరాదు. ఉదయపు ఏటవాలు వెలుగులో ఫోటో తీస్తే అక్షరాలు స్పష్టపడతాయి. నిపుణులు తడికాగితాన్ని రాతికి అద్ది సిరాతో నకలు తీస్తారు. భారత పురావస్తుశాఖ వారి శాసన విభాగపు ప్రధాన కార్యాలయం మైసూరులో ఉన్నది. రాష్ట్ర పురావస్తుశాఖలకు కూడ తెలియపరచవచ్చును.

3. చాలకాలంగా వాడుకలో లేని బావిలోకి ఎవరును దిగరాదు. అడుగున విషవాయువు నిలిచి ఉండవచ్చును. ఒకరిని రక్షింపబోయి మరొకరు మరణించిన ఘటనలు తరచు పత్రికలలో చూస్తున్నవే. పూడిక తీత పని అనుభవజ్ఞుల ఆధ్వర్యంలో, గోడలకు ఆనులు పెట్టి, వేసవిలోనే జరగవలెను.

4. పూడికలో నాణేలు, విగ్రహాలు వంటివి దొరికితే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలుపవలెను. పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపాలన్నింటికీ ఈ నియమం వర్తిస్తుంది.

5. బాగుచేసిన బావినీటిని పరీక్ష చేయించక త్రాగరాదు. తోటకు, పశువులకు, ముఖ్యంగా భూగర్భజలం పెరుగుటకు ఆ నీరు చాలును. చెంతనే బోరు వేయకుండ చూచుట కూడ అవసరం.

6. బావిపై పలక గాని, ఇల్లు గాని, గుడి గాని కట్టరాదు. మూయక తప్పనిచో ఇనుప జాలీ వేసి, ఇక్కడ బావి ఉన్నదని తెలుపు పలకను ఆ ఊరివారు చదువగల భాషలన్నింటిలోను నిలుపవలెను.

ఒక గ్రామంలో దిగుడుబావి ఎక్కడ ఉండేదో ఖచ్చితంగా చెప్పగలవారు సాధారణంగా డెబ్బది ఏండ్లు దాటిన స్త్రీలు. ప్రతిదినం కడవతో దిగి ఎక్కినవారు వారే. మెట్ల లెక్క, ఊట దిక్కు, ఏ ఏడు ఎంత ఎండినదీ వారికి కంఠస్థం. ఈ వివరాలలో అధికభాగం ఏ ప్రభుత్వ దస్త్రంలోను లేదు. వారు చెప్పగా వ్రాసుకొనుటకు ఒక నోటుపుస్తకం, ఒక సాయంకాలం చాలును.